బ్రేకు మాస్టారి బొమ్మ కారు

మాస్టారి కుడికాలు మాస్టారి మాట వినదు. మంగలి కుర్చీలో కూర్చుంటే కాళ్ళు పెట్టుకునే చెక్కని నొక్కుతుంది. బస్సెక్కితే ముందు సీటు కింద ఎవరో పెట్టుకున్న సంచిని నొక్కుతుంది. టీవీలో ఎవరైనా కారు కాస్త జోరుగా పోనిస్తే ఎదురుగా ఉన్న బల్లని తన్ని, దాని మీది టీ ఒలకబోస్తుంది. నిద్రలో కూడా మానదు. పిక్కల మీద తన్నులు తినీ తినీ విసిగిపోయిన ఇల్లాలు మంచం మధ్యలో ఒక దిండు అడ్డం పెట్టుకుంది. మీ బండి మీరు ఆపుకోండి, నా జోలికి రాకండి అని ఆవిడ హద్దు గీసేసింది.

డ్రైవింగు స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో మాస్టారి కాలి కింద. ఆ రెండోది ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడమని పెట్టింది. మన మాస్టారు ఊపిరి తీసినట్టు వాడేవారు. కుక్క కనబడితే నొక్కు. సైకిలు కనబడితే నొక్కు. గోడవారగా ఉన్న పోస్టు డబ్బా కనబడినా, ఏమో, నడిచొస్తుందేమోనని నొక్కు. అలా ఊళ్ళో ఆయనకి బ్రేకు మాస్టారని పేరు పడిపోయింది. అది గౌరవంతో పెట్టిన పేరని ఆయన చాలాకాలం మురిసిపోయారు కూడా. ఈ కథంతా ఆయన తనని తాను ఉతికి ఆరేసుకుంటూ చెప్పగా విన్నదే కాబట్టి, ఎక్కడైనా వెటకారం పాలు ఎక్కువైందనిపిస్తే ఆ పాపం ఆయనదే.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మాస్టారు రచ్చ ముందు గెలిచారు. ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పింది ఆయనే. తీరా ఇంటికొచ్చేసరికి బోర్లా పడ్డారు. ఆయనకి ఒక్కతే కూతురు. చెవి వినపడని పెద్దవాళ్ళకి వినికిడి మిషన్లు అమర్చే కంపెనీలో పని చేస్తుంది. గోటి కొనంత బ్యాటరీని చెయ్యి వణక్కుండా మిషన్లో కూర్చోబెట్టే పిల్ల. అలాంటి పిల్లకి బండి నేర్పడం ఎంతసేపు, చూస్తూ ఉండు, చిటికెలో రోడ్డు మీద నిలబెడతానని ఇల్లాలి దగ్గర కోతలు కోశారు.

నిలబెట్టారు, నిజంగానే. నడిరోడ్డు మీద.

అమ్మాయి బాగానే నడిపింది. గేరు దగ్గర తడబడలేదు, అద్దం చూడటం మరిచిపోలేదు. తేడా అంతా మాస్టారి కాలి దగ్గరే వచ్చింది. ఊరివాళ్ళ పిల్లలు నడుపుతుంటే ఆయనకి కారు ఏమవుతుందోనని భయం. సొంత పిల్ల నడుపుతుంటే కారు ఊసే గుర్తుండేది కాదు. ఎదురుగా వచ్చే ప్రతి బండీ తన బిడ్డ మీదికే వస్తున్నట్టు కనబడేది. గుండె జారి తిన్నగా కాల్లోకి పోయేది. అమ్మాయి మలుపు తిప్పుదామని స్టీరింగు మీద చెయ్యి కదిపేలోపే కారు ఆగిపోయేది.

ఒకరోజు కూరగాయల మార్కెట్టు ముందు నాలుగు రోడ్ల కూడలిలో ఒక తోపుడుబండి అడ్డొచ్చింది. అమ్మాయి దాన్ని ముందే చూసింది. కాలు బ్రేకు మీదికి తెచ్చుకుంది కూడా. అంతలో మాస్టారు తన బ్రేకు మీద నిలబడినంత పని చేశారు. కారు ఎగిరిపడి ఆగింది, ఇంజను చచ్చింది, వెనక బస్సు డ్రైవరు హారను మీద పెట్టిన చెయ్యి తీయలేదు. అమ్మాయి తండ్రివైపు తిరిగి చాలా మెల్లిగా అడిగింది.

"నాన్నా, ఈ కారు ఎవరు నడుపుతున్నారు?"

మాస్టారు తడుముకోకుండా "ఇద్దరం" అన్నారు. ఆ జవాబు గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ తన నెత్తిన తనే మొట్టుకుంటారు. అమ్మాయి హాండ్‌బ్రేకు లాగి, తలుపు తీసి దిగి, కూడలి మధ్యలో కారునీ కన్నతండ్రినీ వదిలేసి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. ఊరందరికీ బండి నేర్పిన మనిషి నడిరోడ్డు మీద పక్క సీట్లో గుడ్లప్పగించి కూర్చుండిపోయారు. తోపుడుబండి అతను కిటికీ దగ్గరికొచ్చి, దీన్ని నడిపేవాళ్ళు ఎక్కడండీ అని మర్యాదగానే అడిగి వెళ్ళాడు.

ఆ తర్వాత అమ్మాయి ఆ సీట్లో మళ్ళీ కూర్చోలేదు. ఇంట్లో మాటలు ఆగిపోయాయని కాదు. టీ పెట్టాను, తాళంచెవి కిటికీలో ఉంది, వాన వచ్చేలా ఉంది, ఇలాంటివి నడుస్తూనే ఉన్నాయి. మాస్టారికి అవి చాల్లేదు. అంతకుముందు ఆ పిల్ల ఆఫీసు నుంచి రాగానే ఏ ముసలాయన చెవిలో మిషను పెట్టగానే ఏమన్నాడో, ఏ ముసలావిడ మొగుడి గురక విని మిషను వెనక్కి ఇచ్చేసిందో, అన్నీ ఆయనకే చెప్పేది. ఇప్పుడు అవన్నీ వంటింట్లో తల్లికి చెబుతోంది. మాస్టారు మంచినీళ్ళ వంకతో అటు వెళ్తే కబురు సగంలో ఆగేది. దాంతో ఆయన దాహం లేకుండా నీళ్ళు తాగి వచ్చేవారు.

ఇంతలో కంపెనీవాళ్ళు అమ్మాయికి ఒక వ్యాను ఇస్తామన్నారు. చుట్టుపక్కల చిన్న ఊళ్ళు తిరిగి, కదల్లేని పెద్దవాళ్ళకి ఇంటి దగ్గరే మిషన్లు అమర్చే పని. ఆ పిల్ల ఎప్పటినుంచో కోరుకుంటున్న పని. కాకపోతే నెలాఖరులోగా లైసెన్సు చేతిలో ఉండాలి, లేదంటే వ్యాను ఇంకొకరికి పోతుంది. ఈ సంగతి మాస్టారికి ఇల్లాలు చెప్పింది. పనిలో పనిగా ఇంకోటి కూడా చెప్పింది. సోమవారం నుంచి అమ్మాయి స్టేషను అవతల మీసాల మాస్టారి స్కూల్లో చేరుతోందట.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఆ మీసాల మాస్టారు ఒకప్పుడు ఈయన దగ్గర క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలుసుకున్నవాడు. అప్పటికి మీసాలు కూడా లేవు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా, వంటవాడి కూతురు పక్కింటికి భోజనానికి వెళ్ళినట్టుంది అని మాస్టారు చిందులు తొక్కారు. వంట బాగుంటే పక్కింటికి ఎందుకు వెళ్తుందండీ అని ఇల్లాలు అటు తిరిగి గిన్నెలు సర్దుకుంది. ఆయన చిందులు పైకి కోపంలా కనబడ్డాయి గాని లోపల ఉన్నది దిగులు. ఇక ఆ పిల్ల ఎక్కడెక్కడికో బండి నడుపుకుంటూ వెళ్తుంది, తను మాత్రం ఆ పిల్ల పక్కన ఒక్కసారి కూడా కూర్చోడు. అది తలచుకుంటే ఆయనకి అన్నం సహించలేదు.

ఇక బొమ్మ కారు సంగతి. బట్టలకొట్టు గుమాస్తా ఒకాయన లైసెన్సు పరీక్ష తప్పీ తప్పీ, చివరికి ఎలాగో గట్టెక్కి, ఆ సంతోషంలో మాస్టారికి రిమోటుతో నడిచే కారు ఒకటి బహుమతిగా తెచ్చాడు. మూరెడు పొడవు, ఎర్ర రంగు. దీనికి ఒకటే బ్రేకు మాస్టారూ, అది కూడా మీ చేతిలోనే ఉంది అని చెప్పి మరీ ఇచ్చాడు. మాస్టారు దాన్ని ఇంటి వెనక సిమెంటు ఆవరణలో, నేర్చుకునేవాళ్ళ కోసం నిలబెట్టిన రబ్బరు దిమ్మల మధ్య తిప్పుకునేవారు. పెద్ద కారులో పోయిన మర్యాద చిన్న కారులో దక్కించుకుందామని.

తిప్పుకున్నవాడు తిప్పుకోక, స్టీరింగు మెత్తగా ఉందని దానికి వంక పెట్టారు. ఆ కారులో ముందు చక్రాలు తిప్పడానికి అగ్గిపెట్టె అంత మోటారు ఒకటి విడిగా ఉంటుంది. సర్వో అంటారు. మాస్టారు కొట్టుకి వెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా బలమైన సర్వో తెచ్చి బిగించారు. అప్పటినుంచీ కారు తిన్నగా పోయినంతసేపూ బాగానే పోయేది. మలుపు తిప్పితే చాలు, దాని ముందు దీపం ఆరిపోయి కొయ్యబారిపోయేది. కాసేపటికి తనంతట తనే లేచి, ఎటు పోవాలో మరిచిపోయినట్టు నిలబడేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన రిమోటుని తిట్టారు, ఏరియలు తీగని తిట్టారు, గుమాస్తాని తిట్టారు. దిమ్మల్ని కూడా అటూ ఇటూ జరిపారు.

శనివారం మధ్యాహ్నం ఆయన ఆ తిట్లలో ఉండగా అమ్మాయి ఆరిన బట్టలు తీయడానికి ఆవరణలోకి వచ్చింది. కారు అదే దిమ్మ దగ్గర మళ్ళీ మళ్ళీ చచ్చి బతకడం చూసింది. చూసి చూసి, భుజం మీద దుప్పటితో ఆగిపోయింది.

"బ్యాటరీ చాలట్లేదు నాన్నా. పరిగెత్తేదీ తిప్పేదీ రెండూ ఒక్క బ్యాటరీనే లాక్కుంటున్నాయి. నువ్వు తెచ్చిన కొత్తది గట్టిగా లాగేసరికి, రిమోటు మాట వినే పెట్టెకి ఏమీ మిగలట్లేదు. తిప్పేదానికి విడిగా చిన్న బ్యాటరీ పెట్టేయ్."

చాలాకాలానికి ఆయన కోసం వచ్చిన పొడుగాటి మాట అది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో, మంచి ఉపాయం చెప్పావు అమ్మలూ అనొచ్చు. అలా అంటే ఆయన మాస్టారెందుకవుతారు? "ఆ, అదే చేద్దామనుకుంటున్నా" అన్నారు. ఏమీ అనుకోలేదు. అమ్మాయి ఒక చిన్న చూపు చూసి బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వెంటనే ఆయన నాలుగు సెల్లులు పట్టే చిన్న పెట్టె ఒకటి సంపాదించి, ముందు గదిలో రోడ్డు గుర్తుల పటం కింద ఉన్న బల్ల మీద కారుని వెల్లకిలా పడుకోబెట్టారు. సర్వో నుంచి మూడు తీగలు వస్తున్నాయి. ఎరుపు, నలుపు, పసుపు. మూడూ వెళ్ళి ఆ మాట వినే పెట్టెలో దిగుతున్నాయి. ఎరుపూ నలుపూ కరెంటు మోసేవి, పసుపుది కబురు మోసే పని. మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నారు. విడిగా అంటే విడిగానే కదా, వేరు కాపురం పెట్టాక ఇంకా ఉమ్మడి గిన్నెలేమిటి అనుకుని, ఎరుపూ నలుపూ రెండూ కత్తిరించి పారేశారు. రెంటినీ కొత్త పెట్టెకి కలిపారు. పసుపు తీగ ఒక్కదాన్నీ పాత చోట వదిలారు. పని ముగించి, తన తెలివికి తనే మెచ్చుకుంటూ స్విచ్చి వేశారు.

ముందు చక్రాలు గడగడా వణికాయి. ఎవరూ చెప్పకుండానే ఎడమకి కొట్టుకున్నాయి, కుడికి కొట్టుకున్నాయి. రిమోటు ఎటు తిప్పినా లెక్క లేదు. కారు బల్ల మీద గిలగిలా తన్నుకుంటుంటే మాస్టారు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆగవే తల్లీ అని బతిమాలుకున్నారు. చప్పుడుకి ఇల్లాలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అచ్చం మీ కాలేనండీ" అంది.

లోపలి గదిలోంచి కిసుక్కున నవ్వు వినబడింది. ఆ ఇంట్లో ఆ నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో మాస్టారికి బాగా తెలుసు. అమ్మాయి తన పనిముట్ల సంచీతో వచ్చి బల్ల ముందు కూర్చుని తీగలు వేలితో కదిపి చూసింది.

"ఎరుపు ఒక్కటే తెంపాలి నాన్నా. నలుపు తెంపకూడదు. అది రెండు బ్యాటరీలకీ కలిసే ఉండాలి."

"విడిగా పెట్టమన్నావుగా?"

"బలం విడిగా. నేల ఒకటే. పసుపు తీగలో నువ్వు చెప్పే మాట వస్తుంది. ఆ మాటని కొలుచుకోవడానికి రెండూ ఒకే నేల మీద నిలబడాలి. ఆ నేల కూడా తెంపేస్తే, నువ్వేం చెబుతున్నావో దానికేం తెలుస్తుంది? ఇదిగో, ఇలా వణుకుతుంది."

చెబుతూనే నల్ల తీగని ఒలిచి, రెండు నలుపుల్నీ కలిపి మెలేసి, టేపు చుట్టింది. స్విచ్చి వేస్తే చక్రాలు తిన్నగా, బుద్ధిగా నిలబడ్డాయి. ఆవరణలోకి తీసుకెళ్ళి దిమ్మల మధ్య వదిలారు. కారు ఎక్కడా ఆగలేదు, దీపం ఆరలేదు. రెండు చుట్లు తిప్పాక మాస్టారు రిమోటు కూతురి చేతిలో పెట్టి మెట్టు మీద పక్కన కూర్చున్నారు. పక్కన కూర్చోవడమే ఆయనకి కావలసింది. అది కారో బొమ్మో ఆ పూటకి ఆయన పట్టించుకోలేదు.

అమ్మాయి కారుని గోడదాకా జోరుగా పోనిచ్చి, ఆఖరి క్షణంలో తిప్పింది. మళ్ళీ పోనిచ్చింది, మళ్ళీ తిప్పింది. తర్వాత ఆపేసి, కిందికి చూసింది.

"నాన్నా, నీ కాలు."

మాస్టారి కుడిచెప్పు కింది మెట్టుని నొక్కుకుని ఉంది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా.

"ఇది బొమ్మ కదా?" అంది.

"నాకు తెలుసు. కాలికి తెలీదు" అన్నారు.

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు అయిపోయాక అమ్మాయి రిమోటు మెట్టు మీద పెట్టింది. "ఆ రోజు తోపుడుబండిని నేను చూశాను నాన్నా. నా కాలు బ్రేకు మీదే ఉంది. నువ్వు ముందే వేసేస్తే, నేను చూశానో లేదో నీకెప్పటికి తెలుస్తుంది? అసలు నాకెప్పటికి తెలుస్తుంది?"

ఇంతకాలం ఆయన నోట్లో ఈ ప్రశ్నకి ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉండేది. రోడ్డు అంటే ఏమిటి, అనుభవం అంటే ఏమిటి, అదీ ఇదీ. ఆ పూట అందులో ఒక్క ముక్క కూడా పైకి రాలేదు.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. భయం" అన్నారు.

"నాకు తెలుసు. అందుకే మీసాల మాస్టారి దగ్గరికి వెళ్తున్నా. ఆయనకి నా గురించి భయం లేదు."

ఆ మాటకి మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందని చెబుదామనుకున్నారు. గాలి లేదు, ఆకు కదలడం లేదు, ఆ అబద్ధం కూడా అతికేలా లేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన కారు పక్క సీటు ముందు, తల కిందికీ కాళ్ళు బయటికీ పెట్టి దూరారు. రెండో బ్రేకు బోల్టు తుప్పు పట్టి కదలనంది. రెంచీ జారి ముక్కు చెక్కుకుపోయింది. పాలపాకెట్టు తెచ్చుకుంటున్న ఇల్లాలు వీధిలోకి చాపుకుని ఉన్న ఆ కాళ్ళని చూసి, గుర్తుపట్టి, ఏమీ అడక్కుండా లోపలికి పోయింది. చివరికి పెడలూ దాని కడ్డీ ఊడొచ్చాయి. మాస్టారు వాటిని పాత పేపరులో చుట్టి తెచ్చి, టీ తాగుతున్న కూతురి ముందు పెట్టారు.

"ఏంటిది?"

"నా కాలు" అన్నారు.

అమ్మాయి పేపరు విప్పి చూసింది. ఆయన ముక్కు మీది గీత చూసింది. టీ కప్పు కింద పెట్టి, లేచి, కిటికీలోంచి తాళంచెవి తీసుకుంది.

ఊరంతా వదిలేసి కూరగాయల మార్కెట్టు రోడ్డే పట్టింది. కావాలనే పట్టిందని మాస్టారికి అర్థమైంది. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నోరు కట్టేసుకుని కూర్చున్నారు. కూడలి వచ్చింది. అదే తోపుడుబండి, అదే మనిషి, అదే నిర్లక్ష్యం. బండి అడ్డంగా వచ్చేసింది. మాస్టారి కాలు పోయి పోయి కాళ్ళ కింది రబ్బరు పట్టా మీద దిగింది. అక్కడ ఏమీ లేదు. ఎంత తొక్కినా ఏమీ లేదు. ఆయన జీవితంలో అంత భయం అంతకుముందు ఎరగరు.

కారు ఆగింది. ఎగరలేదు, దూకలేదు. ఇంజను చావలేదు. తోపుడుబండి అతను లోపలికి తొంగిచూసి, ఈసారి నడిపేవాళ్ళు కనబడేసరికి తల ఊపి దారి ఇచ్చాడు.

"నొక్కావా?" అంది అమ్మాయి, కళ్ళు రోడ్డు మీంచి తీయకుండా.

"నొక్కాను."

"మరి?"

"నువ్వు ఆపావు" అన్నారు మాస్టారు. అమ్మాయి గేరు వేసి ముందుకి పోనిచ్చింది. కాస్త దూరం పోయాక, మొన్న ఒక ముసలాయన చెవిలో మిషను పెట్టగానే ఏమన్నాడో తెలుసా నాన్నా అని మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉంది. మాస్టారు ఒక్కచోట కూడా అడ్డు తగల్లేదు.

సోమవారం అమ్మాయి మీసాల మాస్టారి స్కూలుకి వెళ్ళలేదు. మాస్టారు మిగతా శిష్యుల కోసం రెండో బ్రేకు మళ్ళీ బిగించారు గాని, సాయంత్రం కూతురు కూర్చునేముందు ఊడదీసేవారు. పొద్దున బిగించడం, సాయంత్రం ఊడదీయడం, ఇల్లాలి చేత పిచ్చివాడనిపించుకోవడం ఆయనకి అలవాటైపోయింది. పరీక్ష రోజున మైదానం గేటు దగ్గర గోడవైపు తిరిగి నిలబడ్డారు. అమ్మాయి వచ్చి వీపు తట్టి కాయితం చూపించేదాకా ఇటు తిరగలేదు.

వ్యాను వచ్చిన రోజు మాస్టారూ ఇల్లాలూ ఇంటి ముందు నిలబడి కూతుర్ని సాగనంపారు. తెల్లటి వ్యాను, వెనక మిషన్ల పెట్టెలు. పక్క సీటు ఖాళీ. అమ్మాయి చెయ్యి ఊపి పోనిచ్చింది. వీధి చివర పెద్ద రోడ్డు ఉంది, దాని మీద లారీలు జోరుగా పోతున్నాయి. మాస్టారు ఆ చివరికే చూస్తున్నారు. వ్యాను చివరిదాకా వెళ్ళి ఆగింది. మలుపు దీపం మిణుకుమిణుకుమంది. ఒక లారీని పోనిచ్చి, మెల్లిగా మలుపు తిరిగి కనబడకుండా పోయింది.

ఇల్లాలు కిందికి చూసింది. ఆయన కుడిచెప్పు మట్టిలో సగందాకా దిగబడి ఉంది.

"ఆగింది, వెళ్ళింది కూడా. ఇక కాలు తీయండి" అంది.